కొడుక్కి జామీను

సంపత్కుమార్ రిటైరయ్యేదాకా దేవస్థానం ఉగ్రాణంలో, అంటే సరుకుల గోదాములో, పనిచేశాడు. బియ్యం, పప్పులు బస్తాల్లో వచ్చేవి. బస్తా మూతి విప్పి సరుకు చూపించడం వ్యాపారి పని. ఇనుప గొట్టం బస్తా అడుగుదాకా గుచ్చి అక్కడి గింజలు తీసి చూడడం సంపత్కుమార్ పని. పైన ఒక రకం, అడుగున ఇంకో రకం పోసి తెచ్చేవాళ్లను అతను చాలామందిని చూశాడు. ఉద్యోగం వదిలినా ఆ గుచ్చి చూసే బుద్ధి వదల్లేదు. కొడుకు కోసం చికిత్స కేంద్రం వెతకాల్సి వచ్చినప్పుడు, ఆ పని ఇంకెవరికీ అప్పగించకుండా తానే బయలుదేరాడు.

కొడుకు శ్రీకృష్ణ యాత్రికులకు కారు నడిపేవాడు. పోయిన ఏడాది కార్వేటినగరం రోడ్డులో తాగి కారు నడిపి, మామిడికాయలు అమ్ముకుంటున్న చిన్నబ్బ అనే మనిషిని గుద్దాడు. చిన్నబ్బ కాలు విరిగింది. కోర్టులో నేరం రుజువైంది. మొదటి తప్పు కాబట్టి జైలుకు పంపకుండా ఏడాదిపాటు ప్రొబేషన్ మీద వదిలారు. ఆ ఏడాదీ చుక్క ముట్టకూడదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట తాగుడు మాన్పించే చికిత్స, కౌన్సెలింగ్ తీసుకోవాలి. చేరినట్టు కాగితం నెలలోపల ప్రొబేషన్ అధికారికి చూపాలి. షరతు తప్పితే మళ్లీ కోర్టు, అక్కణ్నుంచి జైలు.

జామీను నిలిచింది సంపత్కుమారే. కొడుకు తాగితే ఆ సంగతి అధికారికి తానే చెప్తానని కూడా రాసిచ్చాడు. సంతకం పెట్టే ముందు ఆ వాక్యం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

“కన్నబిడ్డకు కాపలా ఉద్యోగం. పెన్షన్ చాలదని ఇదొకటి దొరికింది మీకు” అని భార్య పెరుందేవి ఎత్తిపొడిచింది.

మొదట విన్న కేంద్రం నాయుడుపేట దాటినాక హైవే పక్కన ఉంది. ప్రభుత్వ గుర్తింపు పొందినదని బోర్డు మీద రాసి ఉంది. తండ్రీకొడుకులిద్దరూ వెళ్లారు. మునిశేఖర్ అనే మేనేజరు ముందుగదిలో కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. గుర్తింపు కాగితం చూపమని సంపత్కుమార్ అడిగితే, రెన్యువల్ కోసం విజయవాడకు పోయిందన్నాడు. వెనకవైపు చూస్తానంటే, పేషెంట్లు పడుకున్నారన్నాడు. వెనకగది తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉంది. మాటల మధ్యలో లోపలినుంచి ఎవరో తలుపు కొట్టారు. మునిశేఖర్ రిమోట్ అందుకుని టీవీ సౌండు పెంచాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“సూడప్పా సామీ, మీలాంటోళ్ల బిడ్డ ఈడుండే పనేముండాది? ఇంట్లోనే పెట్టుకోండి. కోర్టుకు కావాల్సింది కాగితం. అది నెలనెలా నేను పంపిస్తా.”

“లోపల తలుపు కొట్టే ఆయనకి కూడా కాగితమే ఇచ్చినారా?” అని సంపత్కుమార్ లేచి చెప్పులేసుకున్నాడు. మజ్జిగ ముట్టలేదు.

తిరుగు బస్సులో శ్రీకృష్ణ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తప్పించుకున్నానని సంతోషిస్తున్నాడా, సులువైన దారి తండ్రి చెడగొట్టాడని బాధపడుతున్నాడా అనేది సంపత్కుమార్‌కు అంతుపట్టలేదు. తిరుపతి వచ్చేదాకా అదే ఆలోచించాడు.

చివరికి ప్రొబేషన్ అధికారి గిరిప్రసాదే దారి చూపించాడు. చిత్తూరులో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమన్నాడు. అక్కడి కాగితం కోర్టులో చెల్లుతుందనీ, ఫీజు లేదనీ చెప్పాడు. ఫీజు లేదనేసరికి సంపత్కుమార్‌కు కొత్త అనుమానం పట్టుకుంది. కొడుకును ఇంట్లోనే ఉంచి, ఒక్కడే చిత్తూరు పోయి, తాగుడు మాన్పించే విభాగం వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. తలుపులకు తాళాల్లేవు. ఒక ముసలాయన భార్యతో గొడవపడుతూ లోపలికి పోయాడు, కాసేపటికి అదే గొడవతో బయటికి వచ్చాడు. మధ్యాహ్నం దాకా సంపత్కుమార్ అట్లాగే కూర్చుని ఉంటే, కౌన్సెలర్ రెబెకా వచ్చి ఎవరి కోసమని అడిగింది. కొడుకు కోసమన్నాడు. కొడుకు యాడ అన్నది. ముందు తాను చూసిపోదామని వచ్చానన్నాడు.

“బాగా సూసుకోండి సార్” అన్నది రెబెకా. “సూసుకున్నాక ఆయన్ని కూడా పిల్చుకోని రండి. వైద్యం మీక్కాదు కదా.”

శ్రీకృష్ణను కొన్నాళ్లు అక్కడే ఉంచుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక మాత్ర రాశాడు. దాని సంగతి రెబెకా తండ్రీకొడుకులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. రోజూ పొద్దున ఇంట్లోవాళ్లు ఎదురుగా నిలబడి మింగించాలి. మాత్ర ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. దగ్గు మందైనా సరే తమను అడగనిదే ఇవ్వొద్దన్నది. అన్నిటికీ సంపత్కుమార్ తలూపాడు. మాత్ర అతనికి నచ్చింది. మనిషి లోపలికి గుచ్చి చూసే గొట్టం దొరికినట్టనిపించింది.

రోజూ పొద్దున స్నానం, సంధ్యావందనం అయ్యాక మాత్ర కొడుకు అరచేతిలో పెట్టేవాడు. మింగినాక నోరు తెరిపించి, నాలుక ఎత్తి చూపమనేవాడు. శ్రీకృష్ణ చూపేవాడు.

ఇట్లా రెండు నెలలు నడిచింది. వారానికోసారి శ్రీకృష్ణ చిత్తూరుకు కౌన్సెలింగ్‌కు పోయి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చేవాడు. ఒకరోజు ఆ వేళ దాటి గంటైనా రాలేదు. వచ్చినాక ఎందుకాలస్యమని సంపత్కుమార్ అడిగాడు. బస్సు ముందు స్టాపులోనే దిగి నడిచొచ్చానన్నాడు. ఎందుకంటే, ఊరికే అన్నాడు. సంపత్కుమార్ కొడుకును లైటు కిందికి పిలిచి ముఖం చూశాడు, కళ్లు చూశాడు, వాసన చూశాడు. ఏమీ కనిపించలేదు. ఏమీ కనిపించకపోవడం కూడా అతనికి నచ్చలేదు.

పెరుందేవి చారన్నం కలిపి పెట్టింది. శ్రీకృష్ణ ఆకలి లేదన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ అతను సరిగ్గా తినడం లేదు. సంపత్కుమార్ అలమర తెరిచి ద్రాక్షారిష్టం అనే ఆయుర్వేద మందు సీసా తీశాడు. జీర్ణానికి మంచిదని అతను రోజూ రాత్రి భోజనమయ్యాక రెండు మూతలు తాగుతాడు. చాలా ఏళ్లుగా అది లేకుండా పడుకున్నది లేదు. కొడుక్కి సగం గ్లాసు పోశాడు. శ్రీకృష్ణ మారు మాట్లాడకుండా తాగేశాడు.

కాసేపటికే శ్రీకృష్ణ ముఖం, మెడ ఎర్రబడ్డాయి. గోడ పట్టుకుని పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాడు. గుండె పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఆటోలో వీధి చివర క్లినిక్కుకు తీసుకుపోయారు. డాక్టరు నాడి చూసి, సెలైన్ పెట్టి, ఏం తాగాడని అడిగాడు.

“నేను తాగలేదు నాయనా” అన్నాడు శ్రీకృష్ణ. ఒక్కసారే అన్నాడు.

సంపత్కుమార్‌కు అన్నీ ఒకదానికొకటి కలిసిపోయాయి. గంట ఆలస్యం. ముందు స్టాపు. ఊరికే. తాగే రోజుల్లో శ్రీకృష్ణ వాసన దాచడానికి పచ్చకర్పూరం నమిలి ఇంటికి వచ్చేవాడు. అరిష్టం అంటే చిన్నప్పటినుంచీ ముఖం తిప్పుకునేవాడు, ఇవాళ ఎదురుచెప్పకుండా అందుకున్నాడు. అసలు వాసన మీద అరిష్టం వాసన కప్పుకున్నాడు. తండ్రి చేతే కప్పించుకున్నాడు.

తెల్లవారేసరికి శ్రీకృష్ణ కుదుటపడి ఇంటికి వచ్చి పడుకున్నాడు. సంపత్కుమార్ నామం దిద్దుకుని బయలుదేరుతుంటే పెరుందేవి గడపకు అడ్డంగా నిలబడింది.

“తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. వాడు మనింట్లో కూర్చోనుంటే కూడా మీకు తాటిచెట్టే కనిపిస్తా ఉండాది.”

“జామీను నిలిచినాను. చెప్పకుంటే అబద్ధమాడినట్టే.”

“చెప్తే వాణ్ని జైల్లో పెడతారు.”

అది అతనికి తెలుసు. పక్కకు తప్పుకుని దిగిపోయాడు.

గిరిప్రసాద్ అంతా విన్నాడు. కాగితం ముందుకు లాక్కుని, రాయకుండా పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఇది రాస్తే కోర్టు పిలుస్తుందనీ, ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదనీ చెప్పాడు. రాయడానికి ముందు ఆసుపత్రివాళ్లను ఒకమాట అడగాలని రెబెకాకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టాడు.

రెబెకా సంపత్కుమార్‌నే అడిగింది. “ఇంటికొచ్చినప్పుడు ముఖమెట్లుండాది సార్?”

“మామూలుగానే ఉండాది. లైటు కింద చూసినాను.”

“మాత్ర మీద తాగింటే గంటసేపు ఆగదు. నిమిషాల్లోనే తెలుస్తాది. అయితే వచ్చినాకనే ఏదో పడిండాది. ఏమేమిచ్చినారు?”

“మంచినీళ్లు. చారన్నం పెడితే ముట్టలేదు. అరిష్టం పోసినాను.”

“సీసా మీద ఏం రాసుండాదో చదివించండి సార్” అన్నది రెబెకా.

సీసా కొనేటప్పుడు సంపత్కుమార్ సీలు చూస్తాడు, ధర చూస్తాడు, తేదీ చూస్తాడు. మిగిలిన అక్షరాలు ఎప్పుడూ చూడలేదు. ఆయుర్వేదంలో చూడాల్సింది ఉంటుందని అతనికి తోచలేదు. తన ఫోన్ తీసి ఇంటికి చేశాడు. పెరుందేవికి కళ్లద్దాలు దొరకలేదు. సీసాను కొడుక్కిచ్చింది. శ్రీకృష్ణ చదవడం మొదలుపెట్టాడు. ద్రాక్ష, బెల్లం, ధాతకీ పుష్పం, యాలకులు వరసగా చదివి, కింద గీత దగ్గరకొచ్చి ఆగాడు.

“ఇందులో సహజంగా పుట్టే ఆల్కహాల్ పది శాతం దాకా ఉండొచ్చు అని ఉండాది” అన్నాడు. మళ్లీ ఆగి, “ఇంకేమన్నా చదవాల్నా నాయనా?” అని అడిగాడు.

సంపత్కుమార్ వద్దన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకోబోయి బల్ల మీద పెట్టాడు. గిరిప్రసాద్ అతని వైపు చూడకుండా కాగితం సరిచేసుకుంటున్నాడు.

“రాయండి సార్” అన్నాడు సంపత్కుమార్. “పోసింది జామీను నిలిచినవాడే అని రాయండి.”

తెలియక ఇచ్చిన మందు ద్వారా ఆల్కహాల్ ఒంట్లో పడిందని రాస్తాననీ, ఆసుపత్రి నుంచి డాక్టరు మాట కూడా జోడిస్తే షరతు తప్పినట్టు కాదనీ గిరిప్రసాద్ చెప్పాడు. రెబెకా డాక్టరుతో రాయించి పంపుతానన్నది. ఆ సీసా ఇంట్లో ఉంచొద్దని మరీ మరీ చెప్పింది.

తిరిగి వస్తూ సంపత్కుమార్ తమ స్టాపుకు ముందు స్టాపులోనే దిగాడు. అక్కడినుంచి సందులోకి తిరిగి నడిచాడు. దారి బాగా చుట్టు తిరిగింది, దాదాపు గంట నడక. నడిచినంతసేపూ రెండు వైపులా అంగళ్లు చూసుకుంటూ పోయాడు. సందు చివర బీడాకొట్టు దగ్గర ఆగి, ఈ చుట్టుపక్కల బ్రాందీషాపేమన్నా ఉందా అని అడిగాడు. కొట్టతను ముందు అతని నామం చూసి, తర్వాత ముఖం చూశాడు.

“ఈడ లేదు సామీ. తర్వాత స్టాపులో దిగితే ఎదురుగానే ఉండాది.”

అది తమ స్టాపు. రోజూ చూసే షాపే. కొడుకు ఎందుకు ముందే దిగాడో అతనికి అప్పుడు తెలిసింది. ఊరికే అనకుండా ఆ మాటే చెప్పి ఉండొచ్చు. చెప్పి ఉంటే తాను నమ్మేవాడా అని అడుగుకొకసారి అనుకుంటూ ఇంటికి చేరాడు.

రాత్రి ముగ్గురూ భోంచేశారు. శ్రీకృష్ణ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. చేయి కడుక్కుని సంపత్కుమార్ అలవాటుగా అలమర తెరిచాడు. సీసా ఉండే చోట ఖాళీగా ఉంది. పెరుందేవి దాన్ని ఎప్పుడో మోరీలో పోసేసింది. తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి నీళ్లకని లేచి, మళ్లీ అదే తలుపు మీద చేయి వేశాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న శ్రీకృష్ణ అంతా చూస్తూనే ఉన్నాడు.

“మొదటి పదిరోజులే కష్టం నాయనా” అన్నాడు. “తర్వాత అలవాటైపోతాది.”

అది వేళాకోళమో ఓదార్పో తెలుసుకుందామని సంపత్కుమార్ చాలాసేపు కొడుకు ముఖం చూశాడు. నాలుక ఎత్తి చూపమని అడగడానికి లేదు.