గంతులేసే అక్షరాలు

వినుకొండలో శివనాగరాజు డీటీపీ సెంటరు పెట్టినప్పటి నుంచీ జ్యోతిర్మయి అక్కడే టైపు చేస్తోంది. తర్వాత చేరిన భానుశ్రీకి పని నేర్పింది ఆమే. ఆ భానుశ్రీ తీరిక దొరికితే స్కెచ్ పెన్నుతో అక్షరాలు గీసేది. తలకట్లు పక్కకు జారిన టోపీల్లా, కొమ్ములు పిల్లితోకల్లా ఉండేవి. శివనాగరాజు ముచ్చటపడి, 2003లో వాటిని హైదరాబాదు పంపి ఫాంటు చేయించాడు. దానికి 'భాను' అని పేరు పెట్టాడు.

ఇక ఐస్‌క్రీం బండి వాళ్లు, కాన్వెంటు వాళ్లు, అందరూ ఒకటే మాట: "ఆ గంతులేసే అక్షరాలతో వేయండి."

"నవ్వొచ్చే చోటే వాడండి సార్, పురుగుమందుల కరపత్రాలకు వద్దు" అనేది భానుశ్రీ. ఆ జాగ్రత్త కూడా జ్యోతిర్మయికి గొప్పలు పోవడంలాగే వినిపించేది. రోజూ తన చేత్తోనే కంప్యూటర్‌లో ఫాంట్ల జాబితా తెరిచి ఆ పేరు మీద నొక్కాలి. నొక్కినప్పుడల్లా, పని నేర్పింది నేనైతే పేరు దానిదా అనుకునేది.

ఒక మధ్యాహ్నం భానుశ్రీ భోజనానికి వెళ్లింది. పక్క ఊరి రైతు యలమందయ్య వచ్చాడు. భార్య రాఘవమ్మ పెద్దకర్మకు కార్డులు కావాలన్నాడు. "తప్పుల్లేకుండా మీరే చూడండమ్మా" అని వివరాలు చెప్పి వెళ్లిపోయాడు. జ్యోతిర్మయి వివరాలన్నీ టైపు చేసింది. తర్వాత కార్డంతా 'భాను'లో పెట్టి ప్రింటుకు పంపేసింది.

కార్డులు పట్టుకెళ్లిన యలమందయ్య మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చి, కట్ట బల్ల మీద పడేశాడు.

"మా ఆడది పోతే మీకు ఆటగా ఉందా?"

శివనాగరాజు భానుశ్రీ మీద విరుచుకుపడ్డాడు. "నీ అక్షరాల పిచ్చి ఇంతదాకా వచ్చిందా?"

భానుశ్రీ కార్డు చూసింది, జ్యోతిర్మయిని చూసింది. మామూలు అక్షరాలతో మళ్లీ కొట్టడానికి కూర్చుంది. ఆమె తిట్లు తింటుంటే చల్లగా ఉంటుందనుకుంది జ్యోతిర్మయి. కానీ ఆమె అలా పనిలో పడిపోవడం ఇంకా మండించింది.

"నేనే చేశాను సార్" అనేసింది గట్టిగా.

శివనాగరాజు నోరు తెరిచేలోగా భానుశ్రీ అడిగింది. "ఎందుకక్కా?"

"రోజూ నీ పేరు నొక్కలేక."

కొత్త కార్డులు తీసుకుని జ్యోతిర్మయే బస్సెక్కి యలమందయ్య ఊరెళ్లింది. ఆయన కళ్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఆ ఘాటుకు దగ్గుతూనే తప్పు తనదేనని చెప్పింది. ఆయన మంచినీళ్లిచ్చి, కార్డులు ఒక్కొక్కటీ చూసుకున్నాడు.

"ఇవి బాగున్నాయమ్మా. మొదటి కార్డుల మీది ఆ అక్షరాలూ చెడ్డవి కావులే. మా మనవరాలికి తెగ నచ్చాయి. దాని పుట్టినరోజుకు వాటితోనే వేయించాలి. ఎవరు గీశారు?"

జ్యోతిర్మయి మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"భానుశ్రీ అని, మా దగ్గర పనిచేసే అమ్మాయండి" అంది.