టవలుకి మైలు దూరం

ఆ ఇంట్లో పొద్దున్నే కోడలిని పిలిచే గొంతుల ముందు రైలు కూత దిగదుడుపే.

"అమ్మా, నా సాక్సేదీ?"

"ఏమోయ్, టవల్!"

"అమ్మాయ్, నా కళ్ళజోడు కనబడి చావట్లేదు."

కళ్ళజోడు అత్తగారి ముక్కు మీదే ఉండేది. అయినా కోడలొచ్చి చూపించాల్సిందే.

కోడలు దర్జీ. పెళ్ళికి ముందు ఆమె పరిగెడితే గాలి వెనకబడి ఆయాసంతో కూలబడేది. ఇప్పుడు ఆ కాళ్ళు కుట్టుమిషను తొక్కుతున్నాయి. అలాంటి సమయంలో ఊళ్ళో పరుగు పందెం పెట్టారు. గెలిచినవాళ్ళకి రోజూ మైదానంలో శిక్షణ ఇచ్చి పెద్ద పోటీలకి పంపిస్తారు. నలభై నిండితే మాత్రం చేర్చుకోరు. ఆమెకి వచ్చే ఏడే నలభై.

"తల దువ్వుకోడానికే తీరిక లేదు నీకు, పరుగెప్పుడు ప్రాక్టీసు చేస్తావు?" అన్నాడు భర్త.

ఆ మాట నడవా విన్నది. వంటింటి నుంచి పడగ్గదికి నాలుగంగల్లో అయిపోయే ఆ నడవా, మర్నాడు "టవల్" అనగానే సాగడం మొదలుపెట్టింది. కోడలు మెడలోని టేపు తీసి కొలవబోయింది. టేపు సగం దూరంలోనే సిగ్గుపడి చుట్టుకుపోయింది. చెప్పులు విసిరేసి ఆమె పరుగు లంకించుకుంది.

ఇక రోజూ అదే వరస. టవలుకి ఒక మైలు, సాక్సుకి రెండు, కళ్ళజోడుకి ఎన్నో దేవుడికే తెలియాలి. దారిలో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటేది. తిరిగొచ్చేసరికి పొయ్యి మీది పాలు ఇంకా పొంగేవి కావు.

"టవల్ తడిగా ఉందేంటి?" అనేవాడు భర్త.

"దూరం కదండీ. చెమట తుడుచుకుంటూ వచ్చాను."

"ఆహా," అని స్నానానికి పోయేవాడు.

పందెం రోజు రానే వచ్చింది. ఈల మోగగానే అందరూ బాణాల్లా దూసుకుపోయారు. కోడలి కాళ్ళు మాత్రం ఈడ్చుకుంటూ కదిలాయి. ఎవరూ పిలవకుండా పరిగెత్తడం వాటికి అలవాటు తప్పిపోయింది మరి. గీత దగ్గర భర్త, పిల్లలు అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొడుతున్నారు. అయినా ఆమె అందరికన్నా వెనకే.

అత్తగారు కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఆపరా నీ చప్పట్లు. అవెప్పుడైనా కొట్టావా ఇంట్లో, దానికి తెలియడానికి?"

గబగబా బెంచీ ఎక్కి, పక్క ఊరి పిట్టలు కూడా లేచిపోయేలా కేక పెట్టింది.

"అమ్మాయ్, నా కళ్ళజోడు కనబడి చావట్లేదు!"

కోడలి మడమలు నేల విడిచాయి. "సాక్సేదీ?" అన్నారు పిల్లలు. "టవల్!" అన్నాడు భర్త. ఒక్కో కేకకీ ఒక్కో గుంపు వెనకబడింది. కోడలు అందరినీ దాటి, గీత దాటి, ఆగకుండా బెంచీ దాకా వచ్చి, అత్తగారి ముక్కు మీద వేలు పెట్టింది.

"ఇదిగో అత్తయ్యా."

"అక్కడుందా," అంది అత్తగారు.

మర్నాడు పొద్దున బకెట్టు కింద పెట్టి, కొళాయి తిప్పి, "ఏమోయ్, టవల్!" అని కేకేశాడు భర్త. ఆమె అప్పటికే మైదానంలో ఉంది. ఇక ఆయనే నడవాలోకి అడుగుపెట్టాడు.

టవలుతో తిరిగొచ్చేసరికి బకెట్టు ఇంకా నిండలేదు. ఆయన పొట్ట మాత్రం సగమైంది.