క్రేన్ ఎక్కిన దడ

కాంక్రీటు నిండిన బకెట్ నడిగాలిలో ఆగిపోయింది. కింద స్లాబు మీద మనుషులు తలలెత్తి చూస్తున్నారు.

పైన క్యాబిన్‌లో ఆపరేటర్ చేతులు రెండూ లివర్ల మీదే ఉన్నాయి, కాని అవి తన చేతుల్లా లేవు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. గుండె గొంతులోకి ఎగదన్నింది. ఊపిరి ఎంత లాగినా చాలడం లేదు. అద్దం అవతల ఇళ్ళూ రోడ్లూ గోడమీద గీసిన బొమ్మల్లా కదలక మెదలక ఉన్నాయి.

వాకీటాకీలో బావమరిది గొంతు వినిపించింది. ఆ క్రేన్‌కు సిగ్నల్ ఇచ్చేది అతనే.

"బావా, దించు... బావా, కునుకు తీస్తున్నావా ఏంటి? ఇక్కడ మాకు మెడలు పట్టేస్తున్నాయి."

వాకీ మళ్ళీ బరబరమంది.

"బావా!"

ఆపరేటర్ చొక్కా జేబులోంచి చిన్న మాత్ర తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. గుండె పట్టేసినవాళ్ళు వేసుకునే మాత్ర. ఎవరూ రాసివ్వలేదు, మందుల షాపులో అడిగి కొనుక్కున్నాడు. అది కరిగేసరికి తల దిమ్మెక్కి కళ్ళు బైర్లు కమ్మాయి. తన పని అయిపోయిందనుకున్నాడు. బకెట్‌ను ఎలా దించాడో ఆయనకే తెలియదు. దిగాల్సిన చోట దిగకుండా స్లాబు అంచుకు కొట్టుకుంది. చువ్వలు వంగాయి. ఒకడు పక్కకు దూకి మోకాలు చెక్కుకున్నాడు. అంతకు మించి ఏమీ కాలేదు. అందులో ఆయన పనితనమేమీ లేదు.

సైటులో ఆయన్ను అందరూ పైవాడు అంటారు. "పైవాడి దయ ఉంటే ఈ పూట స్లాబు పడుతుంది" అని నవ్వుకుంటారు. పొద్దున నిచ్చెన ఎక్కితే పని ముగిసేదాకా దిగడు. అన్నం డబ్బా తాడుకు కట్టి పైకి లాక్కుంటాడు. మంచినీళ్ళకు ఒక సీసా, ఒంటేలుకు ఇంకో సీసా. క్రేన్ నడిపేవాళ్ళందరిదీ అదే బతుకు. మధ్యలో దిగితే పని ఆగుతుంది, పని ఆగితే సైటంతా నోటికొచ్చినట్టు తిడుతుంది.

ఈ దడ భార్య పోయాక మొదలైంది.

ఆమెకు ఒక మధ్యాహ్నం ఛాతీ బరువెక్కింది. దవడ లాగింది. ఒళ్ళంతా చల్లటి చెమట. మొగుడూ తమ్ముడూ సైటులో ఉన్నారు. వీధి చివరి క్లినిక్‌కు ఒక్కతే నడిచి వెళ్ళింది. డాక్టరు నాడి చూశాడు. "కంగారమ్మా, అంతే. గుండె కాదు. పడుకుంటే సర్దుకుంటుంది" అని నిద్రమాత్ర రాశాడు. ఈసీజీ యంత్రం అదే గదిలో గుడ్డ కప్పుకుని ఉంది. ఆ గుడ్డ తీయలేదు. ఆమె ఇంటికొచ్చి, మొగుడికి అన్నం పెట్టి, "ఏమీ లేదంట. ఉత్త కంగారంట. గుండె మిషన్ మీది గుడ్డ కూడా తీయలేదు" అని నవ్వి పడుకుంది. తెల్లారి లేవలేదు.

ఆయన ఆ క్లినిక్ ముందునుంచి నడవడం మానేశాడు. పాలపాకెట్టుకు కూడా చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

తర్వాత దడ తనకే వచ్చింది. మొదటిసారి గడ్డం గీసుకుంటుంటే వచ్చింది, అప్పుడు బ్లేడు జారి సింకులో పడింది. ఆపైన బస్సులో, పక్క వాటాలో పెళ్ళి భోజనాల దగ్గర, చివరికి క్యాబిన్‌లో. వచ్చినప్పుడల్లా పెద్దాసుపత్రికి పరుగు. అక్కడ తీగలు తగిలించి, కాగితం చూసి, "ఏమీ లేదు పెద్దాయనా, గ్యాస్" అని పంపేసేవాళ్ళు. ఒకరు టెన్షన్ పడొద్దన్నారు. టెన్షన్ ఎలా పడకూడదో ఎవరూ చెప్పలేదు. ఏమీ లేదన్న మాట వినగానే ఆయనకు భార్య నవ్వు గుర్తొచ్చేది. ఆమెకూ ఏమీ లేదు. తనకూ ఏమీ లేదు. ఆమె దారినే తానూ పోతున్నానని లెక్క తేల్చేసుకున్నాడు.

బకెట్ సంగతి జరిగిన సాయంత్రం సూపర్‌వైజర్ పిలిపించాడు.

"కంపెనీ డాక్టర్ సరేనంటే ఎక్కు. లేదంటే వేరేవాణ్ణి తెచ్చుకుంటా. నీ మీద కోపం కాదు. కింద మనుషులున్నారు."

కంపెనీ వాళ్ళు మాట్లాడుకున్న డాక్టరు వీధి చివరి క్లినిక్ ఆయనే.

బావమరిది వినగానే భగ్గుమన్నాడు. "అక్కను చంపినోడి దగ్గరికా?"

"పోకపోతే పని పోద్ది."

"పోతే పోనీ. నేను చేస్తున్నాగా?"

"నీ తిండి తిని పడుండమంటావా?"

"ఇన్నేళ్ళూ తిన్నది మా అక్క చేతి తిండేగా బావా? అదీ మా ఇంటి చెయ్యే. అప్పుడు రాని రోషం ఇప్పుడొచ్చిందా?"

ఆయన నవ్వలేదు. చొక్కా మార్చుకున్నాడు. బావమరిది సణుక్కుంటూనే వెంట నడిచాడు. క్లినిక్ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "నేను లోపలికి రాను. వస్తే వాడి పీక నా చేతిలో ఉంటుంది" అని బయట మెట్టు మీద కూలబడ్డాడు.

డాక్టరు జుట్టు బాగా నెరిసింది. మనిషిని చూడగానే గుర్తుపట్టాడు. ఆ సంగతి మొహంలో తెలిసిపోయింది. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. యంత్రం మీద ఇప్పుడు గుడ్డ లేదు.

"చొక్కా తీసి పడుకోండి" అన్నాడు డాక్టరు.

ఛాతీ మీద జిగురు చల్లగా తగిలింది. ఒక్కో తీగ పెడుతుంటే ఆపరేటర్ కప్పువైపు చూస్తూ అన్నాడు. "ఆ రోజు దీని మీది గుడ్డ తీయలేదేం?"

డాక్టరు చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. చివరి తీగ కూడా పెట్టి, యంత్రంలోంచి కాగితం పట్టీ బయటికి లాగాడు. పట్టీ ఒకటికి రెండుసార్లు చూశాడు.

"తీయాల్సింది. తీయలేదు" అన్నాడు. "జనం ఎక్కువున్నారని చెప్పొచ్చు. అది సాకు."

"నీ సాకులు వినడానికి రాలేదు."

"తెలుసు."

తర్వాత డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టాడు. పెద్దాసుపత్రిలో ఎవరూ అడగని ప్రశ్నలు. దడ ఉన్నట్టుండి వస్తుందా, మెల్లగా పెరుగుతుందా? నిచ్చెన ఎక్కుతుంటే వస్తుందా, ఎక్కి కూర్చున్నాకా? చచ్చిపోతానని అనిపిస్తుందా? రానప్పుడు కూడా వస్తుందేమోనని కాచుకుని ఉంటారా? దానికి భయపడి వెళ్ళడం మానేసిన చోట్లేమిటి? టీ ఎంత తాగుతారు? మందు తాగుతారా? బతకాలనిపించడం లేదా?

చివరి ప్రశ్నకు ఆపరేటర్, "చావాలనైతే లేదు" అన్నాడు. డాక్టరు ఆ జవాబును తేలిగ్గా తీసుకోలేదు, ఇంకో రెండు మాటలు అడిగాడు. రక్తం తీయించి, థైరాయిడ్ కూడా చూడాలని చెప్పి, ఫలితాలొచ్చాక రమ్మన్నాడు.

ఆ శ్రద్ధకు ఆపరేటర్ కడుపు మండిపోయింది. డాక్టరు సరిగ్గా చేసిన ఒక్కో పనీ అప్పుడు చేయని పనిని వేలెత్తి చూపింది. ఇదే గది, ఇదే బల్ల. ఇందులో సగం ఆ రోజు చేసుంటే ఆమె ఇప్పుడు ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతుండేది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. "దీన్ని పానిక్ డిజార్డర్ అంటారు. మీ గుండె బాగుంది. ఒంట్లో ప్రమాద గంట ఒకటి ఉంటుంది, అది అవసరం లేకుండా మోగుతోంది. ఉత్తుత్తిది కాదు, జబ్బే. నయమవుతుంది."

ఆపరేటర్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మా ఆవిడకీ ఇదే చెప్పావు."

"ఆవిడకి చూడకుండా చెప్పాను. మీకు చూసి చెబుతున్నా."

"చూసినా చూడకున్నా అదే నోరు."

డాక్టరు తల దించుకోలేదు, గొంతు పెంచలేదు. క్రేన్ గురించి అడిగాడు. "పెద్ద గాలి లేస్తే క్రేన్ చేతిని ఏం చేస్తారు? గట్టిగా బిగించేస్తారా?"

"బిగిస్తే విరుగుద్ది. తిరిగే బ్రేకు వదిలేస్తాం. గాలి ఎటుంటే అటు తిరిగి నిలబడుద్ది. కొత్తోళ్ళు కంగారులో బిగించి చస్తారు."

"మీరు దడను బిగిస్తున్నారు. నాలుక కింద మాత్ర, నాడి పట్టుకోవడం, ఆసుపత్రికి పరుగు, అన్నీ బిగింపులే."

"క్రేన్‌కి బ్రేకుంది. నాకేముంది?" అన్నాడు ఆపరేటర్. కాని కూర్చున్నాడు.

డాక్టరు, నాలుక కింద పెట్టుకునే మాత్రల డబ్బా ఇమ్మని చెయ్యి చాచాడు. అది రక్తపోటు దించేస్తుందనీ, తల తిరిగేది దానివల్లేననీ, తల తిరిగితే భయం రెట్టింపవుతుందనీ చెప్పాడు. రోజూ వేసుకునే వేరే మందు చాలా తక్కువ మోతాదులో రాశాడు. "మొదట్లో దడ ఇంకా ఎక్కువైనట్టుంటుంది. భయపడి ఆపేయకండి. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. నెమ్మదించాక కూడా ఏడాది దాకా వాడాలి. మీ అంతట మీరు మానకూడదు. అప్పటిదాకా క్రేన్ ఎక్కొద్దు. నేను సరేనని చెప్పను."

"అంటే నా పొట్ట కొడుతున్నావు."

"సూపర్‌వైజర్‌తో మాట్లాడతా. కింద పని ఇవ్వమంటా."

బయట మెట్టు మీద బావమరిది మందుల పొట్లం చూసి, "మురిక్కాలవలో పారెయ్ బావా" అన్నాడు. ఆయన పారేయలేదు. ఇంటికెళ్ళి గోడకు తగిలించిన ఫొటో వైపు వీపు పెట్టి మొదటి మాత్ర మింగాడు. విషం మింగినా అంత కష్టంగా ఉండేది కాదు.

మొదటి వారం నరకం చూశాడు. చేతులు వణికాయి, కడుపులో దేవింది. డాక్టరు ముందే చెప్పకపోయి ఉంటే పొట్లం నిజంగానే కాలవలో ఉండేది. సైటులో బావమరిదికి సాయంగా చువ్వల కట్టలకు గొలుసులు చుట్టాడు. తన క్యాబిన్‌లో ఇంకొకడు కూర్చున్నాడు.

"పైవాడు కిందికొచ్చేశాడ్రా, ఇక లోకాన్ని ఎవడు చూస్తాడు?" అన్నాడు తాపీమేస్త్రి.

"నీ గోడ చూస్తాలే. వంకర పోయింది" అన్నాడు ఆయన. చాలా రోజులకు నోటినుంచి వచ్చిన వెటకారం అది. బావమరిది తల తిప్పుకుని నవ్వాడు.

క్లినిక్‌కు వెళ్ళినప్పుడల్లా డాక్టరు ఆయన్ను డాబా మెట్లు ఎక్కించేవాడు, తానూ వెంట ఎక్కేవాడు. గుండె కొట్టుకోవాలి, కొట్టుకుంటే కొట్టుకోనివ్వాలి, నాడి పట్టుకోకూడదు, కూర్చోకూడదు. అదీ పద్ధతి. పైకి చేరేసరికి డాక్టరుకు ఎగశ్వాస పట్టేది. ఆపరేటర్‌కు ఆ ఒక్కటే తృప్తి. "ముందు నువ్వు చూపించుకో" అనేవాడు. డాక్టరు గోడ పట్టుకుని రొప్పుతూ తలూపేవాడు. ఆ తలూపడంలో ఒక క్షమాపణ ఉందని ఆపరేటర్‌కు తెలుసు. దాన్ని తీసుకోలేదు.

దడలు పలచబడ్డాయి. బస్సెక్కాడు. తర్వాత క్రేన్ నిచ్చెన సగం దాకా ఎక్కి దిగాడు. ఇంకోరోజు క్యాబిన్‌లో ఊరికే కూర్చుని దిగాడు. డాక్టరు సరేనన్నాక, ఖాళీ హుక్కుతో ఒక పూట నడపమన్నాడు సూపర్‌వైజర్. కింద మనుషులందర్నీ దూరంగా నిలబెట్టాడు.

ఆ పూటే వచ్చింది.

అరికాళ్ళనుంచి లేచింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇళ్ళూ రోడ్లూ బొమ్మలైపోయాయి. ఆయన లివర్లు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. జేబు తడమలేదు. నాడి పట్టలేదు. దిగడానికి తలుపు వైపు చూడలేదు. రా, అనుకున్నాడు. ఎంత చంపుతావో చంపు. అది గొంతుదాకా వచ్చింది. తల మీదుగా పొంగింది. అక్కడే కాసేపు నిలబడింది. ఇక పెరగడానికి దానికి చోటు లేకపోయింది. మెల్లగా దిగడం మొదలుపెట్టింది. వేళ్ళలోకి రక్తం తిరిగి వచ్చింది. రోడ్డు మీద బస్సు కదులుతూ కనిపించింది.

పోయింది.

ఆయనకు సంతోషం కలగలేదు. ఆమెకు వచ్చింది మాత్రం పోలేదు. ఆ రాత్రి ఆమె కూడా పక్కమీద ఇలాగే, పోతుందని కాచుకుని ఉంటుంది, డాక్టరు చెప్పాడు కదా, పడుకుంటే సర్దుకుంటుందని. ఆమెది వేరు. ఇన్నాళ్ళూ ఇద్దరిదీ ఒకటే జబ్బనుకున్నాడు. ఆమెను పట్టుకుపోయిందే తన కోసం వచ్చిందని, ప్రతిసారీ భయంతో చస్తూనే, మనసు అడుగున ఎక్కడో దానికి ఒళ్ళప్పగించాడు. డాక్టరు ఆ ఒక్క చుట్టరికాన్నీ తెంపేశాడు. ఇక తాను బతుకుతాడు. మందు వేసుకుంటూ, క్రేన్ నడుపుతూ, అన్నం డబ్బా తాడుతో లాక్కుంటూ, చాలా ఏళ్ళు బతుకుతాడు.

వాకీ బరబరమంది. "బావా, వచ్చిందా?"

"వచ్చింది. పోయింది."

"అయితే వాడు చెప్పింది నిజమే" అన్నాడు బావమరిది.

"నా వరకు."

"మరి అక్క..."

ఆయన వాకీ మీట నొక్కి పట్టుకున్నాడు. కింద బావమరిది చీమంత మనిషిలా తలెత్తి నిలబడి ఉన్నాడు. పైవాడు ఏడుస్తున్నాడని అతనికి వాకీలోనే తెలిసిపోయింది. దిగమని అతను అనలేదు. పని మొదలుపెట్టమనీ అనలేదు. దూరంగా నిలబడ్డ మనుషులను ఇంకాస్త వెనక్కి జరగమని చెయ్యి ఊపి, తాను మాత్రం అక్కడే నిలబడిపోయాడు.