ప్లాస్టరు కింద కూత

నేను ఒక ఎక్సార్ ఐసీని, అంటే ఎలక్ట్రానిక్ చిప్పుని. చింతగింజ కంటే కాస్త పొడుగు, పద్నాలుగు కాళ్లు, లోపల నాలుగు గేట్లు. ఒక్కో గేటుకీ రెండు తీగలొస్తాయి. రెండూ ఒకే మాట చెబితే ఊరుకుంటుంది, వేరువేరుగా చెబితే లేచి కూర్చుంటుంది. అంటే పుట్టుకతోనే నా పని అనుమానపడటం.

విశాఖపట్నం దుకాణంలో నన్ను కొన్నవాడు గవరయ్య, చిన్న ఊరి ఆసుపత్రిలో ఎలక్ట్రీషియన్. నెలలు నిండని పిల్లల్ని పెట్టే గాజుపెట్టె నుంచి సిస్టరు బల్ల మీది బోర్డుకి, పిల్ల ఒంటి వేడి ఒకట్లూ సున్నాలుగా ఏడు తీగల మీద వచ్చేది. ఒకట్లు ఎప్పుడూ సరిసంఖ్యలో ఉండేలా ఎనిమిదో తీగ సర్దేది. ఇవతల నేనూ, నాలాంటి ఇంకో ఐసీ కాపలా. సరి వస్తే మౌనం. బేసి వస్తే దారిలో ఏదో తీగ అబద్ధమాడినట్టే, బజరు కూయించేవాళ్లం.

నీళ్ల మోటారు వేసినప్పుడల్లా తీగలు ఉలిక్కిపడేవి, నేను కూసేదాన్ని. సిస్టరు రత్నమేరి విసిగిపోయి, గాయాలకి వేసే ప్లాస్టరు బజరు నోటికి రెండు పొరలు అంటించింది. మనుషులంతే. భయపడేదాని నోరు ముందు మూస్తారు, ఎందుకు భయపడిందో తర్వాత అడుగుతారు.

ఒక మధ్యాహ్నం ఆయా, తేమ కోసం పెట్టె కింద ఉంచే ట్రేలో నీళ్లు అంచుదాకా పోసింది. అవి పొంగి లోపలికి కారాయి. హీటరు ఆగిపోయింది. తడికి ఒక తీగ, సున్నా చెప్పాల్సినప్పుడు కూడా ఒకటి అంటూ బిగుసుకుపోయింది. పిల్ల ముప్పై మూడు డిగ్రీలకి చల్లబడింది, బోర్డు మీద మాత్రం ముప్పై ఏడు. నాకు బేసి తగిలింది. కూశాను. ప్లాస్టరు కింద అది దోమ రొదంత. అయినా ఆపలేదు.

గుమ్మం దగ్గర కూర్చున్న పిల్ల తల్లి పైడమ్మ వింది.

"ఏటి సిస్టరమ్మా, ఆ కూత ఆగనేదు?"

"దానికి అనుమానం జబ్బులే పైడమ్మా. ముప్పై ఏడుంది, బాగుంది."

"నాకు అంకెలు తెల్దమ్మా. పిల్లని ముట్టుకుని సెప్పండి, ఎల్లి కూకుంటాను."

"నువ్వూ అదీ ఒకటే జాతి," అంటూనే రత్నమేరి పెట్టెలో చెయ్యి పెట్టింది. పాదం చల్లగా తగిలింది. వెంటనే పిల్లని తీసి పైడమ్మ గుండెకి ఆనించి, పైన దుప్పటి కప్పింది. సాయంత్రానికి పిల్ల గట్టిగా ఏడ్చింది. ప్లాస్టరు రత్నమేరే పీకేసింది.

తర్వాత కొత్త మిషను వచ్చింది. నేనిప్పుడు గవరయ్య బిస్కట్ల డబ్బాలో ఉన్నాను. నాకు ఒక్క దిగులే మిగిలింది. ఆవేళ రెండు తీగలు ఒకేసారి అబద్ధమాడి ఉంటే లెక్క మళ్లీ సరి అయ్యేది, నేను నోరు విప్పేదాన్నే కాదు. అందుకే చెబుతున్నా. నేను కూస్తే వినండి. కూయకపోయినా సరే, ఒకసారి పిల్ల పాదం ముట్టుకుని చూడండి.