పేర్లు దాచని తాళం

"పాస్‌వర్డు ఫోన్లో చెప్తానండీ, రిపోర్టు పంపే మెయిల్లో పెట్టను. తాళం, తాళంచెవి ఒకే సంచిలో పంపిస్తారా ఎవరైనా?" అని ఒక డాక్టరుతో అంటూనే ఆయన తర్వాతి రిపోర్టుకు తాళం వేశాడు.

స్కానింగ్ సెంటరు వెనక, కిటికీ లేని గది. రోగుల రిపోర్టులను ఒక కట్టగా చేర్చి, పాస్‌వర్డు పెట్టి డాక్టర్లకు పంపడం ఆయన పని. మెడ ముందుకు వంగిపోయింది. కుడి మణికట్టు బల్ల రాపిడికి కాయ కట్టింది. సెంటరులో అందరూ తాళాల మామయ్య అంటారు. పైకి విసుక్కుంటాడు గానీ లోపల మురిసిపోతాడు. మురియడానికి ఆయనకు ఇంకేం మిగిలింది గనక!

ఫైలు పేరులోనే అవయవం, జబ్బు, దశ ఉండాలని సెంటరు పద్ధతి. తాళం లోపలి కాగితాలను దాస్తుంది తప్ప ఫైళ్ల పేర్లను దాచదు. అయినా ఫరవాలేదు. మనిషి పేరుండదు, నంబరే. ఆ నంబరు ఎవరిదో బయటివాళ్లకు తెలియదు.

కొన్ని నెలల కిందట ఆయన రిపోర్టే ఆయన బల్ల మీదికి వచ్చింది. చేతి అలవాటుగా దానికీ పేరు పెట్టి, తాళం వేసి, ఇంటి కంప్యూటర్లో దాచాడు. అత్తగారు ఇదే జబ్బుతో పోయినప్పుడు భార్య తిండి మానేసి మంచం పట్టింది. మళ్లీ ఆ మనిషిని అలా చూడలేడు. అందుకే ఆమెకు తెలియకూడదు.

"ఆ దగ్గేంటండీ, సెలవు పెట్టొచ్చుగా," అంది మేనేజరమ్మ.

"ఏసీ పడట్లేదమ్మా," అని సాయంత్రం దాకా పని చేసి ఇల్లు చేరాడు.

భార్య కంప్యూటరు బల్ల దగ్గరే నిలబడి ఉంది.

"మీ తాళం జోలికి నేను పోలేదు. పోనక్కర్లేకపోయింది. ఊపిరితిత్తి, కాన్సరు, నాలుగో దశ. పైనే రాసి పెట్టారుగా."

సెంటరులో నంబర్ల మాటున వేలమంది ఉంటారు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరే. అంత చిన్న సంగతి ఆయనకు తట్టలేదు.

"ఎప్పుడు చూశావు?"

"మీరు పెట్టిన వారంలోనే. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు అని చూశాను. అమ్మకు చేసినదాన్ని, మీకు చేసుకోలేనా? నన్ను పరాయిదాన్ని చేశారు."

"నువ్వు తట్టుకోలేవని..."

"తట్టుకుంటూనే ఉన్నాగా, ఒక్కదాన్నే! తెరవండి. ఇద్దరం కలిసి చూద్దాం."

ఆయన తలూపి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆమె వంటింట్లో పాలు కాచింది. మీటల టకటక వినిపిస్తుంటే ఇన్నాళ్లకు ఆమె గుండె బరువు కాస్త దిగింది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది.

గ్లాసుతో వచ్చేసరికి ఆయన తల కుర్చీ వెనక్కి వాలి ఉంది. పిలిచింది. భుజం పట్టి కుదిపింది. ఊపిరి లేదు.

అన్నీ అయిపోయాక ఆమె తమ్ముడు ఆ కంప్యూటరు తీసి చూశాడు.

"బావ ఆ రోజు పాతది తీసేశాడక్కా. కొత్తగా మళ్లీ తాళం వేశాడు. ఈసారి పేర్లు కూడా కనబడకుండా."

ఆమె ఏడవలేదు. ఒళ్లు మండింది. తెరవమంటే తప్పు దిద్దుకుని పోయాడు మహానుభావుడు.

తెర మీద పేరూ ఊరూ లేని కట్ట ఒకటి, దాని మీద పాస్‌వర్డు అడుగుతూ ఖాళీ గడి.