మూడు పోట్లు వెనక్కి

నా భార్యను చంపింది ఆమె తమ్ముడు. ఇందులో చర్చకు ఏమీ లేదు. విచారణ గదిలో అయిదుగురి ముందు అతనే ఒప్పుకున్నాడు, కాగితం మీద సంతకం పెట్టాడు. దాని నకలు నా దగ్గర ఉంది. ఎవరైనా అడిగితే చూపిస్తాను. ఈమధ్య ఎవరూ అడగడం లేదు.

నేను దర్జీని. పల్లెటూరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. కుట్టు మా నాన్న నేర్పాడు. ఆయన చెప్పింది ఒకటే: కుట్టు పూర్తయ్యాక మూడు పోట్లు వెనక్కి వేసి, అప్పుడు దారం తెంపు. అలా వేస్తే బట్ట చిరగాలి తప్ప కుట్టు ఊడదు. ఇరవై ఏళ్ళు చొక్కాలు, దిండు గలీబులు, లారీల టార్పాలిన్లు కుట్టాను. కుట్టు ఊడిందని తిరిగి వచ్చినవాడు లేడు.

తర్వాత హెలికాప్టర్లకు గాలి సంచులు చేసే షెడ్డులో చేరాను. హెలికాప్టర్ పొట్ట కింద నాలుగు సంచులు మడతపెట్టి ఉంటాయి. ఇంజను ఆగి అది పడిపోతుంటే, నేల దగ్గరపడగానే వాటిలోకి గ్యాసు దూకుతుంది. రెప్పపాటులో ఉబ్బుతాయి. అందరికీ తెలిసింది ఇంతవరకే. అసలు పని ఆ తర్వాత. సంచి ఉబ్బి అలాగే ఉండిపోతే హెలికాప్టర్ దాని మీద పడి బంతిలా పైకి లేస్తుంది, పక్కకు తిరగబడుతుంది. అందుకని ప్రతి సంచికీ అరచేతంత కన్నం, దాని మీద ఒక మూత. బరువు పడగానే మూత కుట్టు తెగాలి. గాలి బుస్సున పోవాలి. హెలికాప్టర్ అలిసిపోయిన గేదెలా అక్కడే చతికిలబడాలి. మా షెడ్డులో దాన్ని ఊపిరి మూత అంటారు.

ఊపిరి మూతను ఒక చదరపు ముక్క మీద చేత్తో కుడతారు. ఆ ముక్కను తర్వాత సంచికి అతికిస్తారు. సన్న తెల్లదారం, పద్దెనిమిది పోట్లు. చివర ముడి ఉండకూడదు, వెనక్కి పోట్లు ఉండకూడదు. కొసను జిగురుతో అంటించి వదిలెయ్యాలి. తెగడానికే కుట్టే కుట్టు అది. మొదటి నెలంతా నా చెయ్యి నా మాట వినలేదు. పరీక్షకు పెట్టిన మూతలు తెగకుండా మొండికేసేవి.

"మేస్త్రీ, నువ్వు ఇంత బాగా కుడితే మనుషులు పోతారు," అన్నాడు ఇంజనీరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంకో చిక్కు. పరీక్షించిన మూత తెగిపోతుంది కాబట్టి పనికిరాదు. హెలికాప్టర్‌కు వెళ్ళే మూతను ఎవరూ పరీక్షించి ఉండరు. కంటితో చూసి సంతకం పెట్టడమే. ఆ చూసేవాడు నా బావమరిది. అతనికి కుట్టు నేర్పింది నేను. వాళ్ళక్కకూ నేనే నేర్పాను, పెళ్ళయిన కొత్తలో. వెనక్కి మూడు పోట్లు ఇద్దరికీ నా దగ్గరే అలవాటయ్యాయి. అతనిది ఎడంచేతి వాటం. షెడ్డులో అందరూ పుర్రచెయ్యి అనే పిలిచేవారు.

నా భార్య నర్సు. కొండల్లో దెబ్బలు తగిలినవాళ్ళను హెలికాప్టర్‌లో వెళ్ళి తెచ్చేది. అంటే మా సంచుల మీదే ఎగిరేది.

ఆ రోజు వాళ్ళ బృందాన్ని మా షెడ్డుకు తీసుకొచ్చారు, సంచులు ఎలా పనిచేస్తాయో చూపించడానికి. క్రేనుతో ఇనుప చట్రాన్ని పైకెత్తి, దాంట్లో ఇసుక మూటలు వేసి వదిలారు. సంచులు ఉబ్బాయి, మూతలు తెగాయి, చట్రం కూలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ చప్పట్లు కొట్టకుండా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏవండోయ్, ఊరందరికీ కుడతారు. పెళ్ళాం కోటుకు బొత్తం మాత్రం నెల రోజులుగా వేలాడుతోంది."

"ఇలా ఇవ్వు."

కోటు ఇచ్చి, కుడివైపు ట్రేలోంచి నేను కుట్టిన మూత ఒకటి తీసింది. గోటితో దారాన్ని లాగి చూసింది. ముఖం చిట్లించింది.

"ఇదేం కుట్టు? పిల్లి తుమ్మితే ఊడేలా ఉంది."

"తెగాలి. తెగకపోతే నువ్వు ఎగిరిపడతావు."

"నేను రోజూ ఎగిరిపడుతూనే ఉన్నానుగా, కొత్తేముంది?"

అప్పుడే ఆమె తమ్ముడు వచ్చాడు. "బావ కుట్టింది నేను చూస్తానక్కా. నేను చూసిన దాని మీద నువ్వు ఎగురుతావు. అంతా ఇంట్లో పనే."

"మీ ఇద్దర్నీ నమ్ముకుని ఎగరమంటావా? ఇవాళే రాజీనామా రాస్తాను."

అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఇంతవరకూ నాకు బాగా గుర్తుంది. ఇక్కడి నుంచే తేడా.

నేను బొత్తం మొదలుపెట్టాను. సగంలో ఉండగా దారం రీళ్ళు చూడమని ఇంజనీరు స్టోరుకు పిలిచాడు. సూది కోటులోనే గుచ్చి వెళ్ళాను. ఆమె నా స్టూలు మీద కూర్చుంది. పది నిమిషాల్లో తిరిగి వచ్చాను. బొత్తం పూర్తయింది, ఆమె కోటు తొడుక్కుని ఉంది. "టీ తాగుదాం రండి," అంది. తాగాం. ఆమె వెళ్ళిపోయింది. సాయంత్రానికి కుడివైపు ట్రేలో నాలుగు మూతలు ఉన్నాయి. బావమరిది చూసి సంతకం పెట్టాడు.

నేను స్టోరుకు వెళ్ళేటప్పుడు ట్రేలో ఎన్ని ఉన్నాయి? మూడు. అది మాత్రం ఖాయం. మరి నాలుగోది ఎవరు కుట్టారు? టీ తాగి వచ్చాక నేనే కుట్టినట్టు ఒక్కోసారి గుర్తొస్తుంది. స్టూలు వెచ్చగా ఉన్నట్టు కూడా గుర్తు. ఒక్కోసారి, అది వేరే రోజేమో అనిపిస్తుంది. ఒక్కోసారి మాత్రం నేను తిరిగి వచ్చేసరికే నాలుగూ ట్రేలో కనిపిస్తాయి.

మూడు నెలల తర్వాత, ఆ నాలుగు మూతలూ వెళ్ళిన హెలికాప్టర్ ఇంజను ఆగింది. పైలట్ రాళ్ళ మైదానంలో దించాడు. నాలుగు సంచులూ ఉబ్బాయి. మూడు మూతలు తెగాయి. ఒకటి తెగలేదు. ఆ మూల పైకి లేచింది, హెలికాప్టర్ పక్కకు తిరగబడింది. లోపల నలుగురు. రోగి తల కదలకుండా పట్టుకోవడానికి నా భార్య తన బెల్టు వదులు చేసుకుంది. మిగతా ముగ్గురూ బతికారు. ఆ రోగి నాకు ఉత్తరం రాశాడు. విప్పలేదు.

విచారణ గదిలో పొడవాటి బల్ల, దాని మీద గాజు పలక, పలక కింద ఆ మూత. కళ్ళద్దాలాయన ఒకడు ప్రశ్నలు వేసేవాడు. మాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడాడు.

"దగ్గరికి వచ్చి చూడండి. పద్దెనిమిది పోట్లు, సన్న దారం, అంతా సరిగ్గానే ఉంది. చివర మాత్రం మూడు పోట్లు వెనక్కి వేశారు. ఇది ఎవరి చెయ్యి?"

వంగి చూశాను. మూడు పోట్లు, మా నాన్న చెప్పినట్టే. మూడూ కుడిచేతి వాటంగా వాలి ఉన్నాయి. ఎడంచేతివాడు కుడితే రెండో వైపుకు వాలుతాయి. దర్జీకి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. కళ్ళద్దాలాయన దర్జీ కాదు.

నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకు ఇప్పటికీ తెలియదు. నాది అని ఉండేవాడినా, ఆమెది అని ఉండేవాడినా?

"నాదండి," అన్నాడు పుర్రచెయ్యి, నా వెనక నుంచి. "ఒకటి వదులుగా ఉందనిపించి నేనే మళ్ళీ కుట్టాను. చూసి సంతకం పెట్టింది కూడా నేనే."

నేను నోరు మూసుకున్నాను.

మెట్ల దగ్గర పట్టుకున్నాను అతన్ని.

"ఎందుకన్నావు ఆ మాట?"

"నాదే కాబట్టి."

"నీ పోటు అటు వాలుతుందా?"

"ఆ రోజు కుడిచేత్తో కుట్టాను."

"కుడిచేత్తో తాళం కూడా తియ్యలేవు నువ్వు."

అతను గోడకు ఆనుకున్నాడు.

"చూసింది నేనేగా బావా. ఆ మూడు పోట్లూ కంటికి కనిపించే ఉంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్న కుట్టు. బాగుందనుకున్నాను. ఎంత బాగుందో అనుకుని సంతకం పెట్టాను."

"అది అడగలేదు నేను. కుట్టిందెవరు?"

"నాకేం తెలుసు? అక్క అని చెప్పమంటావా వాళ్ళకి? లేకపోతే నువ్వు అని చెప్పనా?"

"నిన్నెవడు అడిగాడు చెప్పమని?"

"ఎవరూ అడగలేదు," అని మెట్లు దిగిపోయాడు.

అక్కను కాపాడాడో, నన్ను కాపాడాడో నాకు అర్థం కాలేదు. నన్నయితే, నేనే కుట్టానని అతను నమ్మాడన్నమాట. ఆ నమ్మకాన్ని నేను క్షమించను. అక్కనయితే, నా భార్య తన చావు తానే కుట్టుకుందని నమ్మాడన్నమాట. దాన్ని అసలే క్షమించను. రెండింటిలో ఏదైనా, నా నోట్లోంచి రావాల్సిన మాటను అతను లాగేసుకున్నాడు.

ఆమె కోటు ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపారు. ఒక చెయ్యి చిరిగింది. బొత్తం చెక్కుచెదరలేదు. తిప్పి చూశాను. నల్లదారం, చివర మూడు పోట్లు వెనక్కి, కుడిచేతి వాటం. దాన్ని పూర్తి చేసింది ఆమె. గాజు పలక కింది పోట్లకూ వీటికీ తేడా లేదు. సరే అనుకుని, నా చొక్కాకు నేను కుట్టుకున్న బొత్తం పక్కన పెట్టి చూశాను. దానికీ తేడా లేదు. నేర్పినవాడి చెయ్యి, నేర్చుకున్నదాని చెయ్యి ఒకటైపోయాయి. ఒకప్పుడు దానికి గర్వపడ్డాను.

తర్వాత ఒక పని చేశాను. వంటింటి బల్ల మీద పాత బట్ట పరిచి, ఆ రోజు చేసినట్టే చేశాను. సగం బొత్తం కుట్టడం, లేచి వెళ్ళి టీ తాగి రావడం, వచ్చి మూత కుట్టడం. చేతి వైపు చూడకుండా, కిటికీలోంచి ఎదురింటి గోడను చూస్తూ కుట్టాను. పది మూతలు. అయ్యాక తిప్పి చూశాను. ఆరింటికి వెనక్కి పోట్లు లేవు. నాలుగింటికి ఉన్నాయి. వేసినట్టు నాకు తెలియదు.

నాలుగుసార్లు వేసిన చెయ్యి ఆ రోజు కూడా వేసి ఉండొచ్చు. ఆరుసార్లు వెయ్యని చెయ్యి వేసి ఉండకపోవచ్చు. మర్నాడు మళ్ళీ పది కుట్టాను. మూడింటికి ఉన్నాయి. ఆ తర్వాతి రోజు అయిదింటికి. అప్పుడు మానేసి, ముక్కలన్నీ పొయ్యిలో వేశాను.

ఇప్పుడు షెడ్డులో మూతలను మిషనే కుడుతుందట. నేను వెళ్ళడం లేదు. పుర్రచెయ్యిని తీసేశారు. గొడుగులు బాగుచేసుకుంటున్నాడని ఎవరో చెప్పారు. ఒకసారి మా గుమ్మం దాకా వచ్చాడు. తలుపు సందులోంచి చూశాను. ఎడంచెయ్యి జేబులో పెట్టుకుని కుడిచేత్తో తలుపు తట్టాడు. ఎందుకలా తట్టాడో అర్థం కాలేదు. తలుపు తియ్యలేదు.

చంపింది అతనే. అతనే అన్నాడు, సంతకం ఉంది. ఎవరైనా గాజు పలక, వాలు, పోట్లు అంటూ వస్తే వినను. నకలు కూడా ఇక చూపించను. నాలుగో మూత గురించి నాకు తెలిసింది ఇంతే, తెలియనిది కూడా ఇంతే. ఇక దీని గురించి ఎవరితోనూ, ఎప్పుడూ మాట్లాడను.