డాక్టరమ్మకు సత్తు గ్లాసు

ఉదయగిరి పక్క పల్లెలో బాప్టిస్టు సంఘపెద్ద కొండలయ్యకు యూదులంటే వల్లమాలిన ప్రేమ. వాళ్ళు సముద్రాల అవతల ఉన్నంతవరకే అనుకోండి. నిరుడు యూదులకు ఇశ్రాయేలు దేశం ఏర్పడిందని పేపర్లో చదివిన నాటినుంచి, యేసు ప్రభువు రెండో రాకడ ఇదిగో వచ్చె అదిగో వచ్చె అని ఊరిని ఊదరగొడుతున్నాడు. కొడుకులకు ఇస్సాకు, యోసేపు అని పేర్లు పెట్టుకున్నాడు. ఏ ప్రార్థనయినా "అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల దేవా" అని గొంతు సాగదీయందే మొదలుపెట్టడు.

ఆ ప్రేమ ఏపాటిదో శీనమ్మకు ఈ ఆదివారం తెలిసివచ్చింది. శీనమ్మ ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ. మూడు నెలల కిందట ఆమె కూతురు నాగులమ్మకు కాన్పు కష్టమైతే, ఆత్మకూరు నుంచి డాక్టరమ్మ వచ్చి తల్లినీ బిడ్డనూ బతికించింది. ఆ డాక్టరమ్మ యూదురాలు. హిట్లరు అయినవాళ్ళందరినీ పొట్టన పెట్టుకుంటే ఒంటరిగా ఈ దేశం వచ్చిపడింది. పేరు రాహేలు. మనవరాలికి ఆ పేరే పెట్టాలని, డాక్టరమ్మ చేతుల్లోనే ఉంచి బిడ్డను దేవునికి సమర్పించాలని శీనమ్మ కోరిక. అందుకే పట్టుబట్టి ఆమెను చర్చికి పిలిపించింది.

ప్రార్థనకు ముందు అందరికీ బెల్లం కాఫీ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. సంఘం ఇత్తడి గ్లాసులు కొండలయ్య ట్రంకుపెట్టెలో ఉంటాయి. అందరికీ అవే వచ్చాయి. డాక్టరమ్మకు మాత్రం సొట్టలు పడ్డ సత్తు గ్లాసు వచ్చింది.

శీనమ్మ కొండలయ్యను పక్కకు పిలిచింది.

"ఏందన్నా ఇది?"

"ప్రభువును సిలువేసినోళ్ళ జాతి, శీనమ్మా. సంఘం గ్లాసు మైలపడతాది."

"మరి వాళ్ళ కోసం దినామూ ప్రార్థన చేస్తావే?"

"యేసయ్యను నమ్ముకోని మారుమనసు పొందాలని చేస్తాను. ఈమె పొందినాదా?"

శీనమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఉదయగిరి కాఫీ హోటల్లో అంటరానివాళ్ళని తమ పల్లెవాళ్ళకు బయట మేకుకు వేరే గ్లాసులు తగిలిస్తే, అన్యాయమని తాసిల్దారుకు అర్జీ రాసింది ఈ మహానుభావుడే. ఇప్పుడు తన చేతికి ట్రంకుపెట్టె తాళం వచ్చేసరికి హోటలువాడి బుద్ధీ వచ్చింది.

డాక్టరమ్మ గ్లాసును తిప్పి చూసింది. "మా ఊళ్ళో పార్కులో మాకు వేరే బెంచీ ఉండేది. వేరే గ్లాసు ఇక్కడే చూస్తున్నా," అంది వచ్చీరాని తెలుగులో.

శీనమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ గ్లాసు లాక్కుని తన ఇత్తడి గ్లాసు ఆమెకిచ్చింది. సత్తు గ్లాసులో కాఫీ గటగటా తాగేసి, ఖాళీ గ్లాసును బల్ల మీద కొండలయ్య బైబిలు పక్కనే పెట్టింది. తర్వాత బిడ్డను తెచ్చి డాక్టరమ్మ చేతుల్లో ఉంచింది.

"ఆమె చేతిలో బిడ్డ ఉంటే నేను ప్రార్థన చెయ్యను," అన్నాడు కొండలయ్య.

"చెయ్యన్నా. ఎప్పటి మాదిరే ఆ ముగ్గురి పేర్లతోనే మొదలుపెట్టు. ఆ ముగ్గురు యూదులూ, వాళ్ళ వంశంలో పుట్టిన యేసయ్యా ఈడికొస్తే ఏ గ్లాసులో పోస్తావో, అది గూడా దేవునికి చెప్పు."

చర్చి అంతా కొండలయ్య వంక చూసింది. ఆయన లేచి, గొంతు సవరించుకుని, "అబ్రాహాము..." అన్నాడు. రెండో పేరు నోట రాలేదు.

శీనమ్మ ఇక ఆయన కోసం ఆగలేదు. బిడ్డ తల మీద చెయ్యి ఉంచి తానే ప్రార్థన చేసి, రాహేలు అని పేరు పెట్టింది.